ఇంగ్లీషు టీచరు శిక్షణలో ఇంటి భాషకు చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఒడిశాలోని మా గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో హైస్కూలు ఇంగ్లీషు టీచర్లను తయారుచేస్తున్న తీరు మారాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. మాది కాశీనగరం. నా బీఈడీ రెండో ఏడాది పూర్తి కావస్తోంది. మెథడ్, అంటే బోధించడం నేర్చుకునే సబ్జెక్టు, ఇంగ్లీషు. మా నాన్న ఆంధ్రలోని పాతపట్నం నుంచి బట్టల మూటలు తెచ్చి వారపు సంతల్లో అమ్ముతారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, నాన్నతో సంతకి వెళ్తే సవర గిరిజనుల భాష. ఈ మూడు భాషల మధ్య పెరిగిన నాకు, ఇవే భాషల పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం ఎలాగో నేర్పే కోర్సులో ఈ మూడింటి ఊసే రాలేదు. కాలేజీ పేరు రాయడం లేదు. వేరే చోట్ల చదువుతున్న స్నేహితురాళ్లను అడిగినా ఇదే వరస అన్నారు కాబట్టి ఒక్క కాలేజీని అనడం న్యాయం కాదు.

తెలియని పాఠకుల కోసం కోర్సు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బీఈడీ ఒకప్పుడు ఏడాది చదువు. టీచరు చదువుల తీరుతెన్నుల మీద జస్టిస్ వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత టీచరు చదువులను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014లో కొత్త నిబంధనలు తెచ్చింది. 2015 నుంచి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో 20 వారాలు బడుల్లో గడపాలి. మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. కాగితం మీద ఇది చాలా మంచి ఏర్పాటు. నాలుగు నెలల పాటు రోజూ పిల్లల ముందు నిలబడే అవకాశం ఇంకే చదువులో ఉంది? ఆ అవకాశాన్ని మా ప్రాంతపు పిల్లలకు పనికొచ్చేలా వాడుకోవడం లేదన్నదే నా బాధ.

ముందు మైక్రోటీచింగ్ చెబుతాను. బడికి పంపేముందు కాలేజీలోనే చేయించే సాధన ఇది. 6 నిమిషాలు పాఠం చెప్పాలి, 6 నిమిషాలు చూసినవాళ్లు మంచి చెడ్డలు చెబుతారు, 12 నిమిషాలు పాఠం దిద్దుకోవాలి, మళ్లీ 6 నిమిషాలు చెప్పాలి, ఇంకో 6 నిమిషాలు అభిప్రాయాలు. మొత్తం 36 నిమిషాలు. ఒక్కో విడతలో ఒక్క నైపుణ్యమే పట్టుకుంటారు. ప్రశ్న వేయడం, ఉదాహరణతో చెప్పడం, నల్లబల్ల వాడటం, పిల్లల్ని మెచ్చుకోవడం, ఇలాగ. పద్ధతిని నేను తప్పుపట్టను. కానీ బెంచీల మీద కూర్చునేది మా తోటి విద్యార్థులే. ఎనిమిదో తరగతి పిల్లల్లా వాళ్లు నటించాలి. ప్రశ్న నోట్లోంచి రాకముందే చేతులు లేస్తాయి. జవాబు తప్పు పోయే ప్రసక్తే ఉండదు. ‘వెరీ గుడ్’ అంటాం, పరిశీలన పత్రంలో ఆ గడిలో టిక్కు పడుతుంది. జవాబు తెలియని పిల్ల ఎదురైతే ఏం చేయాలి? ప్రశ్నే అర్థం కాక తల దించుకున్న పిల్ల ఎదురైతే ఏం చేయాలి? ఆ 36 నిమిషాల్లో ఇవి రానే రావు. మా జిల్లా బడుల్లో మాత్రం మొదటి రోజు మొదటి పీరియడ్‌లోనే వచ్చేస్తాయి.

మాకు ‘లాంగ్వేజ్ అక్రాస్ ద కరిక్యులం’ అని ఒక పేపరు ఉంది. ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య ఉండే దూరం గురించి అందులో చక్కగా రాశారు. పిల్లల భాషలు తరగతికి బరువు కాదు, వనరు అని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పిన మాట కూడా చదువుకున్నాం. పరీక్షలో దాని మీద ప్రశ్న వస్తే పేజీలు నింపేశాం. ఆ పేపరు ఒక గదిలో, ఇంగ్లీషు మెథడ్ ఇంకో గదిలో. ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు.

ఇంటర్న్‌షిప్‌కి, అంటే బడిలో గడిపే ఆ 16 వారాలకు, నాకు మా జిల్లా కేంద్రం పర్లాకిమిడి పైన కొండదారిలో ఒక ప్రభుత్వ హైస్కూలు పడింది. తొమ్మిదో తరగతి ఇచ్చారు. ముందు బెంచీల్లో ఒడియా ఇళ్ల పిల్లలు, మధ్యలో మా తెలుగు ఇళ్ల గుంటలు, వెనక గోడ పక్కన హాస్టల్లో ఉండి చదివే సవర పిల్లలు. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు, కూర్చున్నారంతే. పాఠం ఇంగ్లీషులో మొదలుపెడితే మొదటి రెండు బెంచీలు పలికేవి, తక్కినవాళ్లు నా మొహం చూసేవారు. ఒడియాలో అర్థం చెబితే మధ్య బెంచీలు కూడా కదిలేవి. వెనక వరస దాకా ఏదీ వెళ్లేది కాదు.

అక్కడ ఒక సవర పిల్ల ఉండేది. హాజరు పిలిస్తే ‘ప్రెజెంట్ దిదీ’ అనడం తప్ప ఇంగ్లీషులో మాటే ఉండేది కాదు. మిగతా సబ్జెక్టుల్లో కూడా వెనకబడిన పిల్ల అని గైడ్ టీచరు నాకు ముందే చెప్పారు. ఒక సెలవు రోజు సంతలో మా నాన్న దుకాణం ఎదురుగా ఆ పిల్ల వాళ్ల అమ్మతో కూర్చుని చింతపండు, అడ్డాకులు, జీడిపిక్కలు అమ్ముతోంది. పాతపట్నం నుంచి వచ్చిన షావుకారుతో తెలుగులో బేరం. పర్లాకిమిడి ఆవిడతో ఒడియాలో బేరం. తల్లితో సవరలో లెక్క. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మారడానికి క్షణం ఆగలేదు. ధరలో రూపాయి కూడా వదులుకోలేదు. ఆ పిల్లకి భాష రాదని ఎవరంటారు?

మర్నాడు తరగతిలో ప్రశ్నలు అడగడం పాఠం. నేను పుస్తకం మూసి సంత పెట్టించాను. ఇద్దరిద్దరు కూర్చుని ఎవరి భాషలో వాళ్లు అడగాలి. ‘నువ్వు ఏం అమ్ముతున్నావు’ అన్న ఒక్క ప్రశ్న తీసుకుని నల్లబల్ల మీద తెలుగులో నేను రాశాను, ఒడియాలో ముందు బెంచీ కుర్రాడు రాశాడు. సవరలో చెప్పమంటే మొదట ఎవరూ లేవలేదు. చివరికి ఆ పిల్లే చెప్పింది, ఇంకొకడు ఒడియా అక్షరాల్లో రాశాడు. సవరకు మంగెయి గొమాంగొ 1936లో చేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపి ఉంది కానీ ఆ పిల్లలకు అది నేర్పినవాళ్లు లేరు. మూడు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి నిలిచాక క్రియ కింద గీత గీయమన్నాను. మూడింటిలోనూ గీత చివరే పడింది. తెలుగు ద్రావిడ భాష, ఒడియా ఆర్య భాష, సవర ముండా భాష. కుటుంబాలు మూడు, వాక్యం నడక మాత్రం ఒక్కటే. మూడు భాషల పిల్లలూ ఒకే తప్పు చేస్తారు. ‘వాట్ యూ ఆర్ సెల్లింగ్’ అంటారు. అది తెలివితక్కువతనం వల్ల వచ్చిన తప్పు కాదు. ప్రశ్న అడిగేటప్పుడు మాటల వరస మార్చడం మన భాషల్లో లేదు, ఇంగ్లీషులో ఉంది. నాలుగో వాక్యం కింద రాసి, ‘ఆర్’ అన్న మాట ‘యూ’ని దాటుకుని ముందుకొచ్చి నిలబడుతుందని ఒకణ్ణి లేపి, ఇంకొకణ్ణి దాటించి చూపించాను. అప్పుడు మళ్లీ సంత పెట్టాం, ఈసారి ఇంగ్లీషులో. వెనక వరస నుంచి ‘వాట్ ఆర్ యూ సెల్లింగ్’ వినపడింది.

మర్నాటికి సగం మంది పాత వరసలోకే వెళ్లిపోయారు. అది సహజం. రోజూ పీరియడ్ మొదట్లో కాసేపు అదే ఆట ఆడిస్తూ వస్తే కొంతమందికి నిలిచింది, కొంతమందికి లేదు. నేను చెప్పదలచుకున్నది నా పాఠం గొప్పదని కాదు. ఆ రోజు పరిశీలనకు వచ్చిన మేడం నా రికార్డులో ఎర్ర సిరాతో ‘తరగతిలో మాతృభాషల వాడకం మానుకోవాలి’ అని రాసి మార్కులు తగ్గించారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ చేతిలో ఉన్న పత్రంలో అలాంటి పాఠానికి గడి లేదు. లక్ష్యాలు, బోధనోపకరణాలు, కంఠస్వరం, నల్లబల్ల, గృహకృత్యం, వీటికే గడులు. పిల్లలకు ఇంట్లో ఏ భాష ఉందో తెలుసుకున్నావా, దాన్ని ఎలా వాడావు అని అడిగే గడి ఒక్కటీ లేదు. ఆ పత్రం మారితే పరిశీలించే చూపు కూడా మారుతుంది.

ఉచ్చారణ సంగతి ఇంకా దారుణం. మా మెథడ్ తరగతిలో ధ్వనిశాస్త్రం గుర్తులన్నీ నేర్పారు, పరీక్షకు రాశాం. కానీ ఒకరు మాట్లాడింది రికార్డు చేసి వినిపించి దిద్దడం అన్నది జరగలేదు. అందరి జేబుల్లో ఫోన్లు ఉన్న రోజుల్లో దీనికి ల్యాబు ఎందుకు? మన పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో సౌకర్యం, ఒక్కో చిక్కు ఉన్నాయి. మన తెలుగులో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు కాబట్టి పొట్టి అచ్చు, పొడుగు అచ్చు తేడా తెలుగు పిల్లకు చెవిలోనే ఉంటుంది. ఒడియాలో ఆ తేడా లేదు. పైగా వ అక్కడ బ అయిపోతుంది కాబట్టి ‘వెరీ’ కాస్తా ‘బెరీ’ అవుతుంది. మన పిల్లలు బుక్కు, బస్సు అని చివర అచ్చు తగిలిస్తారు. సవర మాటలు హల్లుతో ముగియడం మామూలే కనుక సవర పిల్ల ‘బుక్’ అని తేలిగ్గా ఆపేస్తుంది. అంటే వెనక వరసలో ఉండిపోయిన పిల్ల ఈ విషయంలో ముందుంది. ఈ సంగతి తెలిసిన టీచరు ఆ పిల్లను లేపి తరగతికంతా పలికించగలదు. తెలియని టీచరుకు ఆ పిల్ల కనపడదు.

ఇంత దగ్గరగా పిల్లల భాష వినడం ఎవరో విదేశాల వాళ్లు చెప్పిన మాట కాదు. మా పర్లాకిమిడిలోనే జరిగింది. గిడుగు రామమూర్తి గారు 1880లో ఇక్కడి రాజావారి బడిలో చిన్న తరగతులకు టీచరుగా చేరారు. సవర వాళ్లను ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆ ధ్వనులు ఎలా పలుకుతున్నారో పట్టుకోవడానికి ధ్వనిశాస్త్రం పుస్తకాలు తెప్పించుకుని సొంతంగా చదివారు. సవర పిల్లలకు వాళ్ల భాషలో పాఠాలు చెప్పించారు. 1931లో ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. 1936 ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఏటా ఆగస్టు 29న మా ఊళ్లో కూడా ఆయన పటానికి దండ వేస్తారు. వేయాలి. కానీ సవర పిల్లకు ఇంగ్లీషు చెప్పబోయే బీఈడీ విద్యార్థి చేతికి ఆ సవర ఇంగ్లీషు నిఘంటువు ఇంతవరకూ రాలేదు. మా లైబ్రరీలో గైడ్లు ఉన్నాయి, అది లేదు.

ఒడిశా ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో మంచి పని చేసింది. 2006 ప్రాంతంలో పది గిరిజన భాషల్లో మాతృభాషతో చదువు మొదలుపెట్టింది. అందులో సవర ఉంది. తర్వాత ఇంకా భాషలు చేర్చింది. ఆ పిల్లలే పెరిగి హైస్కూలుకు వచ్చేసరికి వాళ్ల భాషకు తలుపులు మూసుకుపోతాయి. చిన్న బడి టీచరుకు ఇచ్చిన శిక్షణలో పదో వంతు హైస్కూలు ఇంగ్లీషు టీచరుకు ఇవ్వకపోతే చిన్న బడిలో పడిన కష్టమంతా ఏమవుతుంది?

ఉద్యోగాల సంగతి కూడా చెప్పక తప్పదు, ఎందుకంటే శిక్షణ ఎటు పోవాలో పరీక్షలే నిర్ణయిస్తున్నాయి. మా రాష్ట్రంలో ఇంగ్లీషుకు ప్రత్యేకంగా పోస్టు లేదు. టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) ఆర్ట్స్‌లో చేరినవాళ్లే ఇంగ్లీషూ చెబుతారు, సోషలూ చెబుతారు. సరిహద్దు దాటి ఆంధ్రలోకి వెళ్తే స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు అని వేరే పోస్టు ఉంది. కానీ రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికత ప్రధానంగా ఆ జిల్లాలో చదివిన వాళ్లకే. ఇటువైపు బడిలో చదివిన తెలుగు పిల్లలం అక్కడ నాన్‌లోకల్. ఇక్కడ తెలుగు టీచరు పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అది వేరే గోడు, ఇంకో ఉత్తరం అవుతుంది. ఇక్కడ నేను అడిగేది ఒక్కటే. రెండు వైపులా అర్హత పరీక్షలు గడులు నింపే పరీక్షలే. ఇంగ్లీషు టీచరు కాబోయే మనిషి నోరు విప్పి ఒక్క ఇంగ్లీషు వాక్యం పలకకుండా ఆ పరీక్షలు దాటేయొచ్చు. కాబట్టి రెండో ఏడాది వచ్చేసరికి మా క్లాసు మొత్తం కోచింగ్ మెటీరియల్ ముందేసుకుని కూర్చుంటోంది. బడిలో 16 వారాలు సంతకానికి వెళ్లి వచ్చే పనిగా మారుతోంది. చాలా చోట్ల ఖాళీ పీరియడ్లకు మమ్మల్ని తోలుతారు. టీచర్ల కొరత ఉన్న బడిలో అది అర్థం చేసుకోగలను. కానీ ఎవరూ చూడకుండా, ఎవరూ చెప్పకుండా ఒంటరిగా క్లాసు నెట్టుకు రావడం శిక్షణ కాదు.

ఇప్పుడే ఈ ఉత్తరం రాయడానికి కారణం ఉంది. డిగ్రీ నాలుగేళ్లు చదివినవాళ్లకు, పీజీ చేసినవాళ్లకు మళ్లీ ఏడాది బీఈడీ తెచ్చేలా ఎన్‌సీటీఈ 2025లో ముసాయిదా నిబంధనలు బయటపెట్టింది. మరోవైపు ఇంటర్ తర్వాత నాలుగేళ్ల సమగ్ర కోర్సు 2023-24 నుంచి కొన్ని సంస్థల్లో మొదలైంది. కోర్సు ఏడాదా, రెండేళ్లా, నాలుగేళ్లా అన్న చర్చే అందరూ చేస్తున్నారు. కొత్తగా సిలబస్ రాసుకునే ఈ సమయంలోనే సరిహద్దు జిల్లాల కాలేజీలు తమ బడుల సంగతి అందులోకి ఎక్కించుకోవాలి. ఒకసారి అచ్చయ్యాక మళ్లీ పదేళ్లు ఎవరూ ముట్టుకోరు.

కష్టమైనవేమీ అడగడం లేదు. మైక్రోటీచింగ్‌లో సగం విడతలైనా దగ్గరి బడిలో నిజమైన పిల్లల ముందు జరపొచ్చు. పర్లాకిమిడిలో ఏ కాలేజీ నుంచైనా నడిచి వెళ్లేంత దూరంలో బడి ఉంటుంది. ఇంటర్న్‌షిప్ మొదటి వారంలో పాఠం చెప్పనివ్వకుండా తరగతిలో ఎవరింట్లో ఏ భాష ఉందో, ఎవరికి ఎన్ని భాషలు వచ్చో తెలుసుకుని రాయించాలి. ఆ తర్వాతే లెసన్ ప్లాన్లు. వాటిలో ఈ తప్పు ఎందుకొస్తోంది, ఇంటి భాషలో ఈ వాక్యం ఎలా నడుస్తుంది అని ఒక గడి ఉంటే చాలు, మెథడ్ చెప్పే లెక్చరర్లు కూడా ఆ వైపు చూస్తారు. ప్రతి విద్యార్థీ తన పాఠం ఒకటి ఫోన్‌లో రికార్డు చేసి లెక్చరర్ పక్కన కూర్చుని వినాలి.

ఇంకొక కోరిక శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల వాళ్లకు. మీ మందస, ఇచ్ఛాపురం బడుల్లో ఒడియా ఇళ్ల పిల్లలు ఉన్నారు, సీతంపేట వైపు సవర పిల్లలు ఉన్నారు. మా బడుల్లో తెలుగు ఇళ్ల పిల్లలు ఉన్నారు. మీ బీఈడీ విద్యార్థులు కొన్ని వారాలు ఇటు, మేము కొన్ని వారాలు అటు వచ్చి పాఠం చెప్పేలా రెండు వైపుల విశ్వవిద్యాలయాలూ మాట్లాడుకోలేవా? పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఎంత దూరం? మా నాన్న బట్టల మూటతో రోజూ వెళ్లి వస్తున్నారు. మాకు అనుమతి కాగితం ఒక్కటే కావాలి.

ఆ తొమ్మిదో తరగతి కోసం రాసుకున్న పాఠాలు, పిల్లలు మూడు భాషల్లో చెప్పిన ప్రశ్నలు, తరచుగా వచ్చిన తప్పులు నా దగ్గర నోటు పుస్తకంలో ఉన్నాయి. సవర వాక్యాలు ఆ పిల్లలే చెప్పి దిద్దినవి. మన జిల్లాల్లో ఇంగ్లీషు మెథడ్ చెప్పే లెక్చరర్లు ఎవరైనా, మీ పత్రిక ద్వారా అడిగితే జిరాక్సు తీసి పంపిస్తాను.

ఇట్లు,
బీఈడీ రెండో ఏడాది విద్యార్థిని,
కాశీనగరం, గజపతి జిల్లా, ఒడిశా